ఎండలు ముదరక ముందే పెరడు సర్దుకుందాం

శివరాత్రితో చలి వెళ్ళిపోతుందని మన పెద్దలంటారు. ఆ రోజుల్లో మీ వీధిలోని వేపచెట్టు కింద కాసేపు నిలబడి చూడండి. గాలి వీచినప్పుడల్లా పండుటాకులు జలజలా రాలుతుంటాయి. ఊడ్చినకొద్దీ పడుతూనే ఉంటాయి. కొన్ని వారాలు గడిస్తే అదే చెట్టు ఎర్రని లేత చిగుళ్ళు వేసి, ఉగాది నాటికి తెల్లని పూతతో నిండిపోతుంది. రాబోయే ఎండలకు వేపచెట్టు ముందుగానే సిద్ధపడుతున్నదన్నమాట. పాత ఆకులను వదిలించుకుంటే నీటి ఖర్చు తగ్గుతుంది. కొత్త ఆకులకు కావలసిన నీటిని లోతుగా దిగిన వేళ్ళు తెచ్చి ఇస్తాయి.

మరి మీ పెరట్లోని మిగతా మొక్కల మాటేమిటి? బీరపాదుకు, గులాబీకి, కుండీలోని తులసికి అంత లోతైన వేళ్ళు లేవు. వాటి తరఫున సిద్ధపడవలసింది మనమే. ఏటా ఏప్రిల్, మే నెలల్లో ఎన్నో ఇళ్ళలో రెండింటిలో ఒకటి జరుగుతుంది. మొక్కలైనా ఎండిపోతాయి, లేదా వాటిని బతికించబోయి బావో, బోరో ఎండిపోతుంది. తాగే నీటికే బిందెలు పట్టుకొని వరుసలో నిలబడే రోజుల్లో, మొక్కలకు నీరెక్కడిదని ఇంట్లోవాళ్ళు అడిగితే ఏం చెప్పగలం? తక్కువ నీటితోనే తొలకరి వరకు మొక్కలను నిలబెట్టే ఉపాయాలున్నాయని చెప్పగలం. అవి మంత్రాలు కావు. మీరు తరగతిలో చదువుకునే శాస్త్రమే వాటి వెనుక ఉన్నది.

ఆకుకూ చెమట పడుతుంది

ముందుగా ఒక చిన్న ప్రయోగం చేయండి. ఉదయం ఎనిమిది గంటలకు మందారం కొమ్మ ఒకదానికి ఆకులతో సహా పారదర్శకమైన పాలిథీన్ సంచి తొడిగి, మూతిని దారంతో బిగించి కట్టండి. ఆకులన్నీ తుంచిన మరో కొమ్మకు అటువంటి సంచే కట్టండి. గంట, రెండు గంటల తరువాత చూడండి. మొదటి సంచి లోపల మంచు పట్టినట్లు నీటి బిందువులు కనబడతాయి. రెండవ దానిలో అంతగా ఉండవు. చూడటం అయిపోగానే సంచులు విప్పేయండి. లేకపోతే లోపలి వేడికి ఆకులు కమిలిపోతాయి.

ఆ నీరు ఆకుల నుంచి వచ్చింది. ఆకులకు, ముఖ్యంగా వాటి అడుగు భాగాన, కంటికి కనబడనంత సన్నని పత్రరంధ్రాలు ఉంటాయి. ఆహారం తయారు చేసుకోవడానికి కావలసిన బొగ్గుపులుసు వాయువు ఈ రంధ్రాల గుండానే లోపలికి వస్తుంది. రంధ్రం తెరిచినప్పుడు లోపలి తేమ ఆవిరై బయటికి పోతుంది. దీనినే బాష్పోత్సేకం అంటారు. వేళ్ళు పీల్చుకున్న ప్రతి 100 పాళ్ళ నీటిలో 95 పాళ్ళకు పైగా ఇలాగే గాలిలో కలిసిపోతుంది. మొక్క తన పెరుగుదలకు దాచుకునేది చాలా కొద్ది.

దీన్ని జాగ్రత్తగా తూచి చూసినవారిలో ఒకడు ఇంగ్లండుకు చెందిన స్టీఫెన్ హేల్స్. 1724 వేసవిలో ఆయన కుండీలో పెరుగుతున్న ఒక పొద్దుతిరుగుడు మొక్కను తీసుకున్నాడు. దాని ఎత్తు మూడున్నర అడుగులు. మట్టి నుంచి నీరు ఆవిరి కాకుండా కుండీని సీసపు రేకుతో మూసి, ఉదయం సాయంత్రం తూచాడు. పన్నెండు గంటల పగటిపూట ఆ ఒక్క మొక్క సగటున 20 ఔన్సులు, అంటే సుమారు 570 గ్రాముల నీటిని గాలిలోకి వదిలిందని తేలింది. ఈ వివరాలను ఆయన 1727లో పుస్తకంగా ప్రకటించాడు. ఇంగ్లండు ఎండకే అంత ఖర్చయితే మన మే నెల ఎండకు ఎంతవుతుందో ఊహించుకోండి.

అయితే ఈ నీరు పూర్తిగా వృథా అయినట్లు కాదు. ఒక గ్రాము నీరు మామూలు ఉష్ణోగ్రత వద్ద ఆవిరి కావాలంటే దాదాపు 580 కేలరీల వేడి కావాలి. ఆ వేడిని అది ఆకు నుంచే తీసుకుంటుంది. కొత్త కుండలో నీరు చల్లబడేదీ, చెమట ఆరినప్పుడు మన ఒళ్ళు చల్లబడేదీ ఈ కారణం చేతనే. చెట్టు నీడ రేకుల షెడ్డు నీడకంటే చల్లగా ఉండటానికి కూడా ఇది ఒక కారణం.

నాగజెముడు, కలబంద వంటి మొక్కలది వేరే దారి. అవి పగలు పత్రరంధ్రాలను మూసుకొని, చల్లని రాత్రివేళ తెరుస్తాయి. అందుకే కలబంద కుండీకి తరచు నీరు పోయనక్కరలేదు. పోస్తే వేళ్ళు కుళ్ళుతాయి.

తలవాల్చిన ఆకు ఏమంటున్నది?

మిట్టమధ్యాహ్నం సొరపాదు, గుమ్మడిపాదు ఆకులు గొడుగు ముడిచినట్లు వాలిపోవడం మీరు చూసే ఉంటారు. చూడగానే జాలిపడి చెంబు పట్టుకొని పరుగెత్తకండి. ఆకులు వదిలే వేగానికి వేళ్ళు నీటిని అందించలేకపోతే, నేలలో తేమ ఉన్నా ఆకులు వాలతాయి. ఎండ తగ్గాక అవే నిటారుగా లేస్తాయి. అసలు పరీక్ష తెల్లవారుజామున చేయాలి. రాత్రంతా విశ్రాంతి తీసుకున్న తరువాత కూడా ఆకులు వాలే ఉంటే, ఆ మొక్కకు నిజంగా దాహంగా ఉన్నదని అర్థం.

ఇంకో పరీక్ష కూడా ఉంది. మొక్క పక్కన మట్టిలో మీ చూపుడు వేలును రెండు కణుపుల లోతు దించండి. పైన పొడిగా ఉన్నా లోపల చల్లగా, తడిగా తగిలితే ఆ పూటకు నీరు అక్కరలేదు. ఈ ఒక్క అలవాటుతో ఎన్నో చెంబుల నీరు మిగులుతుంది.

నేల కూడా నీరు తాగుతుంది

నీటికి మరో దొంగ ఉన్నాడు. అది మొక్క చుట్టూ ఉన్న ఉత్త నేల. దీపంలో నూనె వత్తి గుండా పైకి ఎక్కుతుంది కదా? అలాగే మట్టిరేణువుల మధ్యనున్న సన్నని సందుల గుండా అడుగునున్న తేమ పైకి ఎగబాకి, ఎండ తగిలి ఆవిరైపోతుంది. దీనిని కేశనాళికీయత అంటారు.

ఎంత నీరు పోతుందో లెక్క వేద్దాం. మన ప్రాంతాల్లో మే నెల ఎండకు వెడల్పాటి పళ్ళెంలో పోసిన నీరు రోజుకు ఒక సెంటీమీటరు వరకు తగ్గవచ్చు. ఒక చదరపు మీటరు మేర ఒక సెంటీమీటరు నీరంటే 10 లీటర్లు. ఒక సెంటు స్థలం సుమారు 40 చదరపు మీటర్లు. ఆ సెంటు నేలనంతా ఎప్పుడూ తడిగా ఉంచాలనుకుంటే రోజుకు 400 లీటర్లు ఆవిరికే పోతాయి. 15 లీటర్ల బిందె లెక్కన ఇరవై ఆరు బిందెల పైమాటే! అదే స్థలంలో ఐదు మొక్కలుండి, ఒక్కొక్కదానికి మీటరు వెడల్పున పాదు చేసి అక్కడే నీరు పోస్తే, తడిసే నేల నాలుగు చదరపు మీటర్లు. ఖర్చు పదో వంతుకు పడిపోతుంది. ఇది ముతక లెక్కే అయినా పైపు పట్టుకొని పెరడంతా తడపడం ఎంత దండుగో చెబుతుంది.

ఆ పదో వంతును కూడా తగ్గించవచ్చు. అందుకు నేలకు దుప్పటి కప్పాలి. ఎండుటాకులు, వరిగడ్డి, వేరుశనగ పొట్టు, కొబ్బరిపీచు, ఏది దొరికితే అది నాలుగు వేళ్ళ మందాన పాదులో పరచండి. దీనిని మల్చింగ్ అంటారు. ఎండ నేరుగా మట్టికి తగలదు. వేడిగాలి మట్టిని ఒరుసుకొని పోదు. కలుపు మొక్కలకు వెలుతురు అందక అవి మొలవవు. అయితే మొదలుకు ఆనేటట్లు పరచకండి, జానెడు దూరం వదలండి. తడి ఆకులు కాండానికి అంటుకొని ఉంటే కుళ్ళు రావచ్చు, చెదలు పట్టవచ్చు.

మీరే పరీక్షించండి

ఒకే కొలతగల రెండు ఖాళీ డబ్బాలు తీసుకోండి. రెండింటిలో సమానంగా మట్టి నింపి, సమానంగా నీరు పోయండి. ఒకదానిపై ఎండుటాకులు మందంగా పరచండి. వెదురుకర్రతో, దారంతో తక్కెడ తయారు చేసి డబ్బాలను చెరోవైపు వేలాడదీయండి. బరువులు సమానమయ్యేదాకా తేలికైన వైపు చిన్న గులకరాళ్ళు వేసి సరిచేయండి. ఎండ తగిలే చోట వదిలి, మూడు నాలుగు రోజుల తరువాత చూడండి. ఏ డబ్బా పైకి లేచింది? దాన్ని మళ్ళీ సమానం చేయడానికి ఎన్ని గ్రాములు వేయవలసి వచ్చింది? ఆ గ్రాములే మీరు ఆకులతో ఆదా చేసిన నీరు.

ఎప్పుడు పోయాలి? ఎలా పోయాలి?

నీరు పోయడానికి తగిన వేళలు తెల్లవారుజాము, సూర్యాస్తమయం. మధ్యాహ్నం పోస్తే ఆకులపై పడిన చుక్కలు భూతద్దంలా పనిచేసి ఆకును కాలుస్తాయని చాలామంది చెబుతారు. హంగేరీ శాస్త్రజ్ఞులు దీన్ని పరీక్షించి 2010లో ఫలితాలు ప్రకటించారు. నున్నని ఆకులపై నిలిచిన చుక్కలు ఆకును కాల్చలేదు. సన్నని నూగు ఉన్న ఆకులపై, ఆ నూగు చుక్కను ఆకుకు కాస్త ఎత్తులో పట్టి ఉంచినప్పుడు మాత్రం కాలిన మచ్చలు పడవచ్చునని తేలింది. కనుక మధ్యాహ్నం నీరు పోయవద్దనడానికి అసలు కారణం వేరు. వేడి నేలమీద పోసిన నీటిలో ఎక్కువ భాగం వేళ్ళను చేరకముందే ఆవిరైపోతుంది.

రోజూ పైపైన చిలకరించడం కూడా మంచి అలవాటు కాదు. తడి పైపొరలోనే ఉంటే వేళ్ళు కూడా అక్కడే తిరుగుతాయి. ఒక్క రోజు నీరు అందకపోతే మొక్క తూలిపోతుంది. వేళ్ళూనిన మొక్కలకు మూడు నాలుగు రోజులకొకసారి నిండుగా పోస్తే నీరు లోతుకు దిగుతుంది. దాన్ని వెతుక్కుంటూ వేళ్ళు కూడా దిగుతాయి. కుండీలకు, లేత నారుకు మాత్రం ఈ సూత్రం పనికిరాదు. వాటిలో ఉన్న మట్టి తక్కువ గనుక రోజూ చూసుకోవాలి. చెట్లకైతే మొదట్లో పోయకండి. నీటిని పీల్చే సన్నని వేళ్ళు ఎక్కువగా కొమ్మల అంచుకు సరిగ్గా కిందనున్న నేలలో ఉంటాయి. పాదు అక్కడిదాకా విస్తరించాలి.

పూర్వులు కనిపెట్టిన ఒక చక్కని ఉపాయం ఇప్పటికీ పనికివస్తుంది. రంగు పూయని మట్టికుండను మెడ వరకు నేలలో పాతి, నీరు నింపి, మూకుడు మూత పెట్టండి. దాని చుట్టూ నాలుగు బీర గింజలో, దోస గింజలో నాటండి. కుండ గోడకున్న సూక్ష్మరంధ్రాల గుండా నీరు మెల్లగా ఊరుతుంది. చుట్టూ ఉన్న మట్టి పొడిగా ఉంటే ఎక్కువగా, తడిగా ఉంటే తక్కువగా ఊరుతుంది. అంటే కుళాయిని తిప్పేవాళ్ళు లేకుండానే మొక్క అవసరాన్ని బట్టి నీరు అందుతుందన్నమాట. క్రీస్తుకు పూర్వం ఒకటవ శతాబ్దంలో చైనాలో ఫాన్ షెంగ్‌జీ రాసిన వ్యవసాయ గ్రంథంలో ఈ పద్ధతి కనబడుతుంది.

ఎండ దిక్కు మారుస్తుంది

చలికాలంలో చల్లగా ఉన్నదని ఇంటి ఉత్తరపు గోడ పక్కన కుండీలు పెట్టారనుకోండి. మే నెలలో అవి మాడిపోవడం మొదలుపెడతాయి. ఎందుకు?

మార్చి 21 తరువాత సూర్యుడు తూర్పుకు కొంచెం ఉత్తరంగా ఉదయించి, పడమరకు కొంచెం ఉత్తరంగా అస్తమిస్తాడు. రోజులు గడిచేకొద్దీ ఇంకా ఉత్తరానికి జరుగుతాడు. హైదరాబాదులో మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ క్షణాన నిలువుగా పాతిన కర్రకు నీడ కనబడదు. ఆ తరువాత ఆగస్టు 3 ప్రాంతం వరకు మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. హైదరాబాదుకు దక్షిణాన ఉన్న తిరుపతి వంటి ఊళ్ళలో ఈ నీడలేని రోజు ముందుగా, ఉత్తరాన ఉన్న శ్రీకాకుళం వంటి ఊళ్ళలో కొద్ది రోజులు ఆలస్యంగా వస్తుంది. మీ ఊరిలో ఎప్పుడో కర్ర పాతి మీరే కనుక్కోండి.

కాబట్టి సున్నితమైన కుండీలను మార్చిలోనే చెట్టు నీడకో, చలువ పందిరి కిందికో మార్చండి. పడమటి ఎండ మరీ తీవ్రం. అటువైపు తాటాకుల తడికనో, కొబ్బరాకుల దడినో కట్టండి. చిక్కుడు, బీర తీగలను పడమటి పందిరికి ఎక్కించగలిగితే ఇంటి గోడకు కూడా చల్లదనం దక్కుతుంది.

ఆకులకు నిప్పు పెట్టకండి

ఈ రోజుల్లో తెల్లవారితే చాలు, ఊడ్చిన ఆకుల కుప్పల నుంచి పొగలు లేస్తుంటాయి. ఆ పొగలోని సన్నని నుసి ఊపిరితిత్తుల్లోకి చేరి పసిపిల్లలకు, ఆయాసం ఉన్నవారికి హాని చేస్తుంది. ఆకులోని నత్రజని గాలిపాలవుతుంది. మొక్కకు తిరిగి దక్కవలసిన ఎరువును మనమే కాల్చుకుంటున్నామన్నమాట.

పరచగా మిగిలిన ఆకులను ఒక మూల గోతిలో వేయండి. పొరకు పొరకు మధ్య కూరగాయల తొక్కులు, పేడ వేసి నీరు చిలకరించండి. ఎండుటాకుల్లో కర్బనం ఎక్కువ, పేడలో, పచ్చి తొక్కుల్లో నత్రజని ఎక్కువ. నత్రజని ఒక పాలుకు కర్బనం 25, 30 పాళ్ళుంటే సూక్ష్మజీవులు చురుకుగా పనిచేస్తాయి. కుప్ప పెద్దదైతే లోపలి వేడి 55 డిగ్రీలు దాటుతుంది. ఇనుప చువ్వ గుచ్చి, కాసేపాగి తీసి ముట్టుకుంటే ఆ వేడి తెలుస్తుంది. ఆల్బర్ట్ హోవార్డ్, యశ్వంత్ వాడ్ అనే శాస్త్రజ్ఞులు ఇండోరులో మన రైతుల అనుభవాన్ని కూడా తీసుకొని పరిశోధించి, ఎరువు తయారీ పద్ధతిని 1931లో పుస్తకంగా ప్రకటించారు. దానికి ఇండోరు పద్ధతి అనే పేరు స్థిరపడింది.

ఆకుల కుప్పలను, ఇటుకలను, పాత రాళ్ళను వట్టి చేతులతో కదపకండి. వాటి కింద చల్లదనానికి తేళ్ళు, పాములు చేరతాయి. కాళ్ళకు చెప్పులు, చేతిలో కర్ర ఉండాలి. చీకటి పడ్డాక పెరట్లోకి దీపం లేకుండా వెళ్ళవద్దు. తేలు గాని, పాము గాని కరిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మంత్రాలకు, పసరులకు కాలం వృథా చేయకూడదు.

తొట్టిలో దాగిన గుడ్లు

వేసవిలో నీటి కరువు వల్ల తొట్లలో, డ్రమ్ముల్లో నీరు నిలవ చేస్తాం. కూలర్ల అడుగున, కుండీల కింది పళ్ళాలలో కూడా నీరు నిలుస్తుంది. డెంగీ జ్వరాన్ని వ్యాపింపజేసే ఈడిస్ దోమకు ఇవే ప్రసూతి గృహాలు. ఇది పగటిపూట కుట్టే దోమ. నీటి మట్టానికి కాస్త పైన, తడిగా ఉన్న తొట్టి గోడకు గుడ్లు అంటిస్తుంది. నీరు ఎండిపోయినా ఆ గుడ్లు కొన్ని నెలలపాటు చావవు. మళ్ళీ నీరు తగలగానే పిల్లలవుతాయి. వేసవిలో గుడ్లు పెడితే, తొలకరి వానకు దోమల దండు బయలుదేరుతుంది.

గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వేడి రోజుల్లో సుమారు వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికొకసారి తప్పకుండా తొట్లు ఖాళీ చేయాలంటారు. వట్టినే పారబోస్తే చాలదు. గోడలకు అంటిన గుడ్లు రాలిపోయేటట్లు కొబ్బరిపీచుతో గట్టిగా తోమాలి. పారబోసే నీటిని మొక్కల పాదుల్లోనే పోయండి. పక్షులకు పెట్టే నీటి మూకుడును రోజూ కడిగి నింపండి. ఇంకో సంగతి తెలుసా? దోమకూ జ్వరానికీ సంబంధాన్ని వెతుకుతూ రొనాల్డ్ రాస్, 1897 ఆగస్టు 20న అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది మన సికింద్రాబాదులోనే.

మామిడి, మల్లె

మామిడి పూతలో వందకు ఒక్క పువ్వు కూడా పండు దాకా రాదు. కనుక కొన్ని పిందెలు రాలితే దిగులుపడకండి. పిందె బఠాణీ గింజంత అయినప్పటి నుంచి క్రమంగా నీరు ఇవ్వాలి. చాలా రోజులు ఎండబెట్టి ఒక్కసారి ముంచెత్తకూడదు. రాలి కుళ్ళిన కాయలను ఏరి లోతుగా పాతిపెట్టండి. వాటిలోని పండు ఈగ పురుగులు మట్టిలోకి దిగి, మళ్ళీ ఈగలై మిగిలిన కాయలను పాడుచేస్తాయి. మల్లె కొత్త చిగుళ్ళకే పూస్తుంది. చలికాలంలో కత్తిరించిన మల్లెపొదకు ఇప్పుడు పాదు తవ్వి, ఎరువు వేసి, నీరు అందిస్తే చాలు. బెండ, వంగ ఆకుల అడుగున సన్నని బూజులాంటి గూడు, ఎర్రని చుక్కల్లాంటి నల్లులు కనబడితే ఆకుల అడుగు భాగాన్ని నీటితో జోరుగా కడగండి. వేడి, పొడి గాలి ఈ ఎర్రనల్లికి ఎంతో ఇష్టం.

పనుల పట్టిక

ఫిబ్రవరి నెలాఖరు: రాలిన ఆకులు పోగుచేయడం, పాదులు తవ్వడం, ఎరువుగుంత.

మార్చి: ఆకుల దుప్పటి పరచడం, కుండీలు నీడకు మార్చడం, పడమటి దడి, కుండలు పాతడం.

ఏప్రిల్, మే: తెల్లవారుజామున ఆకుల పరీక్ష, వేలితో మట్టి పరీక్ష, వారానికొకసారి తొట్లు తోమడం.

జూన్: మృగశిర కార్తె వచ్చేలోగా పనికిరాని డబ్బాలు, టైర్లు, కొబ్బరి చిప్పలు తీసివేయడం. వాననీరు నిలవకుండా దారి చేయడం.

ఈ వేసవిలో ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. రోజుకు ఎన్ని బిందెలు మొక్కలకు పోశారో రాయండి. మొదటి వారం మామూలుగా పోయండి. రెండవ వారం నుంచి ఇక్కడ చెప్పిన పద్ధతులు ఒక్కొక్కటే అమలు చేయండి. ఏ పద్ధతి మొదలుపెట్టాక ఎన్ని బిందెలు తగ్గాయో మీ లెక్కే మీకు చెబుతుంది. ఆ పుస్తకాన్ని సెలవుల తరువాత మీ సైన్సు మాస్టారికి చూపించండి. మీ వీధిలో పది ఇళ్ళవాళ్ళు ఇలా చేస్తే ఎన్ని బిందెలు మిగులుతాయో ఆ రోజు తరగతిలో అందరూ కలిసి లెక్కకట్టండి.